కోనసీమలో చదువు: ఎవరికి అందినది, ఎట్లు అందినది

అంబాజీపేట అనగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది కొబ్బరి. వార్తాపత్రికల వ్యాపారపుటలలో అంబాజీపేట కొబ్బరి ధరకు ప్రత్యేకముగ చోటుండును. 1955లో ఇచ్చట కొబ్బరి పరిశోధన స్థానము నెలకొల్పబడెను. గోదావరి పాయల నడుమ, సముద్రమునకు చేరువగ నున్న ఈ సీమకు పంటలోను పాడిలోను ఎంత పేరు కలదో పాండిత్యమున కూడ అంత పేరు కలదు. అంబాజీపేట చుట్టుప్రక్కల నున్న ముక్కామల, పుల్లేటికుర్రు, వ్యాఘ్రేశ్వరము, ఇందుపల్లి మున్నగు గ్రామముల పేర్లు చెప్పగానే వేదపండితులను, శాస్త్రపండితులను మన పెద్దలు తలంచుకొనుట పరిపాటి.

ఇట్టి సీమలో చదువు అందరికిని సమముగ అందినదా? అందనిచో ఏ కారణమున అందలేదు? అందించుటకు ఎవరెవరు ఎట్టి ప్రయత్నములు చేసిరి? ఈ ప్రశ్నలను నేటి ప్రసంగములో విచారింప దలచితిమి.

పాఠశాలను గూర్చి మాటాడునప్పుడు మూడు పనులను వేరువేరుగ చూడవలసియున్నది. ఊరిలో బడి పెట్టుట మొదటిది. ఆ బడిలోనికి ఊరి పిల్లలందరిని రానిచ్చుట రెండవది. వచ్చిన పిల్లలను చదువు ముగియువరకు నిలుపుట మూడవది. మొదటి పని జరిగినచో తక్కిన రెండును వాటంతట అవే జరుగునని పూర్వము పలువురు తలంచిరి. గడచిన రెండువందల యేండ్ల చరిత్రను చూడగా, ఒక్కొక్క పనికి ఒక్కొక్క తరము వేరుగ శ్రమింపవలసి వచ్చినదని తేలుచున్నది.

లెక్కలతోనే ప్రారంభింతము. 1822 జూను నెలలో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరకు ఒక ఉత్తరువు పంపెను. ఏ గ్రామమున ఎన్ని బడులున్నవి, ఏ కులమువారు ఎందరు చదువుచున్నారు, బాలికలు ఎందరు అను వివరములతో పట్టికలు పంపవలసినదని దాని సారాంశము. నాడు కోనసీమ రాజమహేంద్రవరము జిల్లాలోనిది. ఆ జిల్లా కలెక్టరు 1823లో పంపిన లెక్కలో 291 బడులును, 2,658 మంది విద్యార్థులును కనబడుచున్నారు. అనగా బడి యొక్కటికి సగటున తొమ్మండుగురు. జిల్లా జనసంఖ్య ఏడు లక్షలకు మించియుండెను. చదువుచున్నవారిలో సగముకంటె ఎక్కువమంది బ్రాహ్మణ, వైశ్య బాలురు. బాలికలు 37 మంది మాత్రమే.

ఆ పట్టికలోనే మరియొక విశేషము కలదు. వేదములు, శాస్త్రములు చెప్పు విద్యాస్థానములు ఈ జిల్లాలో 279 ఉండెను. వానిలో 1,454 మంది శిష్యులు చదువుచుండిరి. అక్షరములు నేర్పు బడులు 291, ఉన్నతశాస్త్రములు నేర్పు స్థానములు 279. రెండు సంఖ్యలును దాదాపు సమానముగ నుండుట గమనింపదగినది. మెట్టపై మెట్టుగ కట్టిన మేడకు క్రింది అంతస్తు వెడల్పుగను పై అంతస్తు సన్నముగను ఉండును. ఇచ్చట అట్లు లేదు. చదువు కొన్ని ఇండ్లలో పుట్టి, ఆ యిండ్లలోనే పెరిగి, ఆ యిండ్లలోనే శిఖరమందెను. కోనసీమ పాండిత్యము నిజము. ఆ పాండిత్యము క్రిందికి దిగి రాలేదనుటయు నిజమే.

మద్రాసు ప్రెసిడెన్సీ యంతటికిని కలిపి బడులు, విద్యాస్థానములు 12,498 అనియు, చదువువారు 1,88,650 అనియు 1826 మార్చిలో మన్రో తన అభిప్రాయపత్రమున వ్రాసెను. జనాభాలో అరువదియేడుగురికి ఒకరు చొప్పున బడిలో నున్నట్లు లెక్క. ఇండ్లలో చదువుకొనువారినికూడ చేర్చినచో మగపిల్లలలో మూడవవంతు మంది కొంత చదువు నేర్చుచుండవచ్చునని ఆయన ఊహించెను. జిల్లాలకు పెద్దబడులు 40, తాసిల్దారీలకు చిన్నబడులు 300 పెట్టవలెనని ఆయన తలపెట్టెను. పెద్దబడి ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, చిన్నబడి ఉపాధ్యాయునికి 9 రూపాయలు జీతమని నిర్ణయించెను. 1827లో మన్రో మరణించెను. ఆ పథకము కొంతవరకు సాగి తరువాత మూలబడెను.

నాటి వీధిబడి ఎట్లు నడచెడిదో మన తాతల ముచ్చటలవలన మనకు తెలిసినదే. ఒక యింటి అరుగు, అరుగుమీద అయ్యవారు, నేలపై పరచిన యిసుక, ఇసుకలో వ్రేలితో దిద్దిన ఓనమాలు, తరువాత తాటియాకు, గంటము. ఎక్కములు వల్లెవేయుట, పెద్దబాలశిక్ష చదువుట. అయ్యవారికి సర్కారు జీతము లేదు. పిల్లల యిండ్లవారు తమ తాహతునుబట్టి ధాన్యమో, రొక్కమో ఇచ్చెడివారు. దసరా పండుగకు పిల్లలు విల్లంబులు పట్టుకొని ఇంటింటికి వెళ్లి అయ్యవారికి వరహాలు అడిగి తెచ్చెడివారు. ఇందులో ఆత్మీయత కలదు. కాని అయ్యవారు ఇచ్చువారిమీద ఆధారపడినవాడు. ఇయ్యలేనివాని పిల్లవాడు అరుగు దిగువనే నిలిచిపోయెను. అరుగును తాకుటకైనను అనుమతి లేని కులముల పిల్లలు ఆ వీధిలోనికే రాలేకపోయిరి. అంబాజీపేట చెంత గంగలకుర్రు అనియు, గంగలకుర్రు అగ్రహారము అనియు రెండు గ్రామములున్నవి. ఊరి పేరులోనే వీధుల ఎడము నిలిచియున్న సీమ ఇది.

ఇట్లుండగా 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియాయెను. సర్ ఆర్థరు కాటను పూనికతో పారిన కాలువలవలన గోదావరి డెల్టా రూపమే మారినది. పంట పెరిగెను, భూమి విలువ పెరిగెను, రైతుల చేతిలో రొక్కము ఆడెను. దస్తావేజులు, రసీదులు, కాలువ శిస్తు లెక్కలు, కోర్టు వ్యవహారములు పెరిగినకొలది అక్షరము వచ్చినవానికిని రానివానికిని భేదము కూడ పెరిగెను. 1853లో రాజమహేంద్రవరమున సర్కారు జిల్లా పాఠశాల ఏర్పడెను. అదియే 1873లో కళాశాలయైనది. మరుసటి యేడు, అనగా 1854లో, ఇంగ్లండునుండి ఉడ్ దొరగారి విద్యాపత్రము వచ్చెను. ప్రజలందరి చదువు ప్రభుత్వము బాధ్యతయని అందు ఒప్పుకొనిరి.

ఆ దినములలోనే గోదావరి రైతులు దేశమున కంతటికి మార్గదర్శకమగు పని యొకటి చేసిరి. నరసాపురము ప్రాంతమున ఉపకలెక్టరుగ నుండిన టేలరు దొర ప్రోత్సాహముతో నరసాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ గ్రామములలో బడులు వెలసెను. వానిని చూచిన చుట్టుప్రక్కల రైతులు తమ యూళ్లలోను బడులు కావలెననియు, అందులకై భూమి శిస్తుతోపాటు కొంత పన్ను తామే కట్టుదుమనియు ముందునకు వచ్చిరి. సర్కారువారు వేయకముందే ప్రజలు తమపై తాము పన్ను వేసికొనిన ఉదంతమిది. ఈ బడిపన్నుకు చట్టబలము కల్పించు నుద్దేశముతోనే 1863లో మద్రాసు విద్యాచట్టము చేయబడెను. 1871 నాటి స్థానికనిధుల చట్టముతో బడులకై పన్ను విధించు ఏర్పాటు ప్రెసిడెన్సీకంతటికి వ్యాపించెను.

గోదావరి రైతులు చేసిన ఈ పనిని మనము మెచ్చుకొనవలసినదే. అయితే దానిలో నొక చిక్కు దాగియున్నది. భూమి శిస్తుపై వేసిన పన్నుతో నడచు బడి, భూమిగలవాని కంటికి తన సొంత బడిగ కనబడుట సహజము. ఆ భూమిలో నాటువేసినవాడు, కోతకోసినవాడు, కొబ్బరిచెట్టెక్కి దింపు తీసినవాడు పన్నులో తన పాలు చెమటరూపమున చెల్లించుచునే యుండెను. కాని జమాబందీ లెక్కలో చెమటకు పద్దు లేదు. అందువలన బడి పెట్టినవారిలో అతని పేరు లేదు. బడిలో అతని పిల్లకు హక్కును లేదు. మొదటి పని జరిగినది, రెండవది మిగిలిపోయినది.

రెండవ పనిని గూర్చిన వివాదము తెలుగుదేశమునకు వెలుపల మొదలాయెను. 1856లో ధార్వాడలో మహర్ కులమునకు చెందిన బాలుడొకడు సర్కారు బడిలో చేర్చుకొనుడని అర్జీ పెట్టుకొనెను. ఒక్కనికై తక్కినవారందరు బడి విడిచిపోవుదురను భయమున బొంబాయి ప్రభుత్వము నిరాకరించెను. తరువాత పై యధికారులు సర్కారు ధనముతో నడచు బడి అన్ని కులములకు తెరచియుండవలెనని తీర్మానించిరి. 1882 నాటి హంటరు సంఘము ఈ సూత్రమును బలపరచుచునే, వ్యతిరేకత ఎక్కువగనున్న చోట్ల ప్రత్యేకముగ వేరు బడులు పెట్టవచ్చునని సలహా యిచ్చెను. ఆ పద్ధతినే అనుసరించి మద్రాసు ప్రభుత్వము 1893లో పంచమ విద్యను గూర్చి పెద్ద ఉత్తరువు వెలువరించెను. పంచములని నాడు వ్యవహరింపబడిన కులములవారి బడులకు హెచ్చు గ్రాంటులు, ఉపాధ్యాయ శిక్షణకు వేతనములు, బడి కట్టుటకు పోరంబోకు స్థలములు ఇయ్యవచ్చునని అందుండెను.

క్రైస్తవ మిషనులవారు అంతకు చాలముందే పనికి దిగిరి. 1836నుండి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో గోదావరి డెల్టా మిషను పనిచేయుచుండెను. మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను మొదటి పలక, మొదటి పుస్తకము పలుచోట్ల మిషను బడినుండియే వచ్చెను. వారి యుద్దేశము మతప్రచారమైనను, చదువు నేర్చినవాని చేతిలో చదువు చదువుగనే మిగిలెను.

సూత్రమునకును ఆచరణకును ఎంత దూరమో ఒక్క లెక్క చూచిన తెలియును. 1919లో సేకరించిన వివరములనుబట్టి మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వ, స్థానిక సంస్థల యాజమాన్యముక్రింద నున్న 8,157 బడులలో పంచమ బాలురను చేర్చుకొన్నవి 609 మాత్రమే. అనగా పదమూడింట ఒకటి. అన్ని బడులు అందరివి అని సర్కారు ప్రకటించి అరువదియేండ్లు గడచిన తరువాతి స్థితి యిది. దీనికి కారణము చట్టములో లేదు. బడి యున్న స్థలములో ఉన్నది. ఎన్నో బడులు అగ్రహారములలోను, చావళ్లలోను, గుడులకు చేరువనున్న ఇండ్లలోను నడచుచుండెను. ఆ వీధిలో నడచుటకే వీలులేని బాలునికి బడి తలుపు తీసియున్నను ఒకటే, మూసియున్నను ఒకటే. బడులను అందరు రాగల స్థలములకు మార్చవలసినదని తదుపరి ఉత్తరువులు వెలువడుట ఇందుచేతనే.

ఇచ్చట సంస్కర్తలను తలంచుకొనుట మన విధి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల నెలకొల్పిరి. 1823లో జిల్లాకంతకు 37 మంది బాలికలున్న సంగతి జ్ఞప్తియందుంచుకొన్నచో ఆ పని విలువ తెలియును. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగ నుండి బాలికలను, అంటరానివారని త్రోసివేయబడిన కులముల విద్యార్థులను చేరదీసిరి. పిఠాపురము మహారాజావారి తోడ్పాటుతో అనాథశరణాలయమును, వసతిగృహములను నడపిరి. చేర్చుకొనుటతో ఆగక వసతి, భోజనము కల్పించుట ఆవశ్యకమని గ్రహించిన దూరదృష్టి వారిది.

అయితే చదువు లేనివారు ఊరకుండగా ఎవరో వచ్చి చదువు చెప్పిరనుట సత్యము కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను పంచమ మహాజన సభ జరిగెను. ఆ సభనుండి ఆది ఆంధ్రులమను పేరు ఆంధ్రదేశమున వ్యాపించెను. బడులు, బావులు, బాటలు తమకును కావలెనని వారే అడిగిరి. రాజమహేంద్రవరమునకు చెందిన కుసుమ ధర్మన్నగారు కలముతోను వేదికలపైనను అదే కోర్కెను చాటిరి. పగలు పొలములో పనిచేసినవారు రాత్రి లాంతరు వెలుగున అక్షరములు దిద్దుకొను రాత్రిబడులు ఆది ఆంధ్రుల ఉద్యమములో ముఖ్యభాగమాయెను.

కోనసీమ బిడ్డయగు బోయి భీమన్నగారి జీవితము ఈ చరిత్రకు ఉదాహరణము. వారు 1911లో మామిడికుదురులో జన్మించిరి. వారి 'పాలేరు' నాటకములో ఆసామి యింట పాలేరుగ నుండిన బాలుడు చదువుకొని డిప్యూటీ కలెక్టరగును. స్వాతంత్ర్యమునకు ముందు వెనుకల ఈ నాటకము ఆంధ్రదేశమున ఊరూర ప్రదర్శింపబడెను. పాలేరుతనము విధివ్రాత యని నమ్మియుండిన తలిదండ్రులు దానిని చూచి తమ పిల్లలను పని మాన్పించి బడికి పంపిరని ప్రసిద్ధి. చట్టము చేయలేని పనిని నాటకము చేసినది. పిల్లవానికి చదువు వచ్చునను నమ్మకమును అది తల్లికి కలిగించినది. భీమన్నగారికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

ఇక మూడవ పని. బడిలో చేరిన పిల్లను నిలుపుట అన్నిటికంటె కష్టమైనది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టము నిర్బంధవిద్యకు మార్గమేర్పరచినను అది కొన్ని ప్రాంతములకే పరిమితమాయెను. నిర్బంధించుటకు పూర్వము పిల్ల ఎందుకు రాకున్నదో విచారింపవలెను. వరి కోతల కాలమున పిల్లవాడు పరిగె ఏరును, పశువులు కాయును. చెల్లెలిని ఎత్తుకొనుటకు అక్క యింటనుండవలెను. నేతవారి యింట కండెలు చుట్టుట పిల్లల పని. కొబ్బరితోటలో రాలిన కాయలు పోగుచేయుట, మట్టలు మోయుట కూడ అంతే. ఈ పనులవలన వచ్చు కూలి చిన్నదే. కాని ఆ యింటికి అది లేనిదే పూట గడువదు. కావున ఉచితమని చెప్పు చదువుకు కూడ ఆ యిల్లు ప్రతిదినము ధర చెల్లించుచున్నది.

ఈ సత్యమును తలక్రిందుగ అర్థము చేసికొనిన పథకమొకటి 1953లో మద్రాసు రాష్ట్రమున వచ్చెను. రాజాజీగారి ప్రభుత్వము పల్లెల ప్రాథమిక పాఠశాలలలో బడివేళను దినమునకు మూడు గంటలకు తగ్గించి, మిగిలిన వేళ పిల్లలు ఇంటిపట్టున తండ్రి వృత్తిని నేర్చుకొనవచ్చునని తలంచెను. తక్కువ ధనముతో ఎక్కువమందికి చదువు చెప్పుట దాని యాశయము. కాని చెట్టెక్కువాని కొడుకు చెట్టే యెక్కవలెననియు, చాకలి కొడుకు రేవుకే పోవలెననియు ఆ పథకము స్థిరపరచునని ప్రజలు అలజడిచెందిరి. 1954లో అది రద్దాయెను. వృత్తి గౌరవనీయమే, పుట్టినింటినిబట్టి వృత్తిని నిర్ణయించుటయే అన్యాయమని ఆ వివాదము దేశమునకు నేర్పెను.

పిల్ల బడిలో నిలువకుండుటకు పేదరికము ఒక్కటే కారణమా? ఈ ప్రశ్నను లోకమున పలుచోట్ల సమాజశాస్త్రజ్ఞులు పరిశోధించిరి. అమెరికాలో జేమ్సు కోల్‌మన్ బృందము సుమారు ఆరు లక్షల మంది విద్యార్థులను పరిశీలించి 1966లో నివేదిక సమర్పించెను. బడి భవనము, పరికరములు వీనికంటె పిల్ల యింటి స్థితిగతులును, తోటిపిల్లల స్థితిగతులును చదువుపై ఎక్కువ ప్రభావము కలిగియున్నవని ఆ నివేదిక తెలిపెను. ఫ్రాన్సులో పియేర్ బూర్ద్యూ అను పండితుడు మరియొక మెట్టు ముందునకు పోయెను. పల్లెటూరి యింట పుట్టి పెద్దచదువులు చదివిన ఆయన, ధనమువలెనే సంస్కృతి కూడ యొక మూలధనమని చెప్పెను. కొన్ని యిండ్లలో పిల్లలకు మాటతీరు, పుస్తకములయెడ చనువు, పెద్దలయెదుట మాటాడు ధైర్యము ఉగ్గుపాలతోనే వచ్చును. బడి వానినే తెలివియని భ్రమించి మార్కులు వేయును. ఆ విధముగ పుట్టుకవలన వచ్చినది ప్రతిభగ చెలామణియగును.

కోనసీమవారికి ఈ మాట క్రొత్తది కాదు. వేదాధ్యయనపు టింట పెరుగు బాలుడు బడికి రాకముందే వేయిమార్లు శ్లోకము వినియుండును. వానితో ఒకే పలకపై కూర్చుండిన కూలివాని పిల్ల అదే శ్లోకమును మొదటిసారి వినుచున్నది. ఇద్దరకు ఒకే ప్రశ్న వేసి ఒకే గడువు ఇచ్చుట సమానత్వమువలె కనబడును. పరుగుపందెమున ఒకనిని సగము దారినుండి బయలుదేరనిచ్చుట వంటిది అది.

భాష విషయమున ఈ సత్యమును మనలో ముందుగ గుర్తించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1911 ప్రాంతమున పాఠశాలల తెలుగు ఎట్లుండవలెనను వాదము చెలరేగినప్పుడు, జనుల నోట లేని భాషలో పుస్తకములు వ్రాసి పిల్లలను తప్పుపట్టుట అన్యాయమని వారు వాదించిరి. పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాషను నేర్చి, ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు పెట్టి చదువు చెప్పించిరి. గ్రాంథికమునందు వ్రాయుచున్న ఈ వ్యాసములో వారిని కొనియాడుట కొందరికి వింతగ తోచవచ్చును. పెద్దలకై వ్రాయు పుటకు ఏ భాషయైనను చెల్లును. పసిపిల్ల మొదటి పుస్తకమునకు మాత్రము తల్లి నోటి మాటయే తగును.

స్వాతంత్ర్యము వచ్చినపిదప మూడవ పనికి ప్రభుత్వము చేయూతనిచ్చెను. పదునాలుగేండ్లు నిండువరకు పిల్లలందరకు ఉచిత నిర్బంధవిద్య పదియేండ్లలో కల్పింపవలెనని 1950 నాటి రాజ్యాంగము ఆదేశించెను. పదియేండ్లలో అది నెరవేరలేదు. విద్యను ప్రాథమిక హక్కుగ చేయు సవరణ 2002లోను, దానికి తగిన చట్టము 2009లోను వచ్చి, 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఈ నడుమ వసతిగృహములు, ఉపకారవేతనములు ఎందరినో నిలబెట్టెను. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాల పద్ధతి తరువాత సాంఘిక సంక్షేమ గురుకులములుగ విస్తరించెను. వసతిగృహములను, గురుకులములను తీర్చిదిద్దిన అధికారులలో ఎస్. ఆర్. శంకరన్‌గారిని తెలుగు దళితులు నేటికిని కృతజ్ఞతతో స్మరింతురు. 2003నుండి బడులలో వండిన మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. ఒకే పంక్తిలో అందరు పిల్లలు కూర్చుండి తినుట ఆకలిని తీర్చుటతోపాటు, ప్రాత అరుగుల చరిత్రకు సమాధానమును చెప్పుచున్నది.

ఫలితము కంటికి కనబడుచున్నది. 2011 జనాభా లెక్కలలో నాటి తూర్పుగోదావరి జిల్లాలో నూటికి 71 మంది అక్షరాస్యులు. కోనసీమలోని ఎదుర్లంకలో 1951లో దళిత కుటుంబమున జన్మించిన జి. ఎం. సి. బాలయోగిగారు న్యాయశాస్త్రము చదివి, 1998లో లోకసభ స్పీకరు పీఠమును అధిష్ఠించిరి. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయనయే. 1919లో పదమూడు బడులకు ఒక్క బడి మాత్రమే తెరచియున్న దేశమున ఇది చిన్నమార్పు కాదు.

అయినను కథ ముగియలేదు. పూర్వము కులము బడి వాకిట నిలిచి అడ్డగించెను. ఇప్పుడు రుసుము బడులను వేరుచేయుచున్నది. ఉదయము పసుపుపచ్చని బస్సులు ఊరి పిల్లలలో కొందరిని ఎక్కించుకొని పట్టణపు బడులకు పోవును. తక్కినవారు ఊరిబడికి నడచి పోవుదురు. ఒకే ఊరి పిల్లలు ఒకరి పేరొకరికి తెలియకయే పెరుగుదురు. అందరు పిల్లలు కలిసి చదువు ఇరుగుపొరుగు బడియే దేశమునకు శ్రేయమని 1966లో కొఠారి సంఘము చెప్పిన మాట పుస్తకములోనే నిలిచిపోయెను. కోనసీమ గ్రామములనుండి ఎందరో స్త్రీలు కువైటు మున్నగు దేశములకు ఇంటిపనికి వెళ్లియున్నారు. వారు పంపు రొక్కములో పిల్లల రుసుము ముఖ్యమైన పద్దు. ఊరిబడిపై నమ్మకము లేక తల్లి సముద్రము దాటి, ఆ సంపాదనతో పిల్లను రుసుము బడికి పంపుచున్నదన్నమాట. ఉచితవిద్యకు ఇంతటి ధర ఎక్కడైనను కలదా?

మాధ్యమము విషయము కూడ ఇట్టిదే. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టుచు ఉత్తరువు వెలువరించెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. పిల్ల మొదట తల్లిభాషలో నేర్చుకొన్నచో గట్టిగ నేర్చుననుట నిజము. ధనికుల పిల్లలకు ఇంగ్లీషు అందుచుండగా పేదపిల్లలకు మాత్రము మాతృభాషాభిమానమును బోధించుట న్యాయము కాదని పేద తలిదండ్రులు చెప్పుటయు నిజమే. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు గల పాఠ్యపుస్తకములు తదుపరి వచ్చినవి. అవి ఈ రెండు సత్యములకు ఒడంబడిక కుదుర్చు ప్రయత్నము. పుస్తకముతోపాటు రెండు భాషలును బాగుగ నేర్పగల ఉపాధ్యాయుడు ఊరిబడిలో నున్నప్పుడే అది ఫలించును.

చదువు వచ్చినంతమాత్రమున గౌరవము వచ్చునా యనునది చివరి ప్రశ్న. 2024లో విడుదలయైన 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' చలనచిత్రము ఈ ప్రశ్ననే వేసినది. అందు క్షురకవృత్తి కుటుంబములో పుట్టిన యువతి చదువుకొని బడిలో ఉపాధ్యాయిని యగును. అయినను ఊరి పెద్దరికము ఆమెను పుట్టుకతోనే కొలుచును. కథ కల్పితమైనను సమస్య కల్పితము కాదు. 2022లో కోనసీమ వేరు జిల్లాగ ఏర్పడినపిదప, దానికి డాక్టరు అంబేద్కరు పేరు చేర్చు సందర్భమున మే 24వ తేదీన అమలాపురమున జరిగిన దహనకాండ, అక్షరాస్యత పెరిగినంతనే మనస్సులు మారవని మనకు గుర్తుచేసినది. ఒకే బడిలో, ఒకే బల్లపై కూర్చుండి పెరిగిన పిల్లలు పెద్దవారైనపిదప ఒకరి యింటికొకరు నిప్పు పెట్టుట కష్టము. వేరు బడులలో పెరిగినవారికి ఆ సంకోచముండదు.

కావున మన ముందున్న పని మునుపటి మూడింటి తరువాతి నాలుగవది: అందరు పిల్లలు కలిసి చదువదగిన మంచి బడిని ఊరిలో నిలుపుట. దీనికి చట్టము ఆధారము కల్పించినది. బడి యాజమాన్య సంఘములో తలిదండ్రులకు చోటు కలదు. ఆ సంఘపు సమావేశమునకు పోవుట, ఉపాధ్యాయులు చాలినంతమంది యున్నారా యని అడుగుట, కోతల కాలమున ఏ పిల్ల బడి మానినదో విచారించుట మనలో ప్రతివారు చేయగల పనులు. పిల్లను వేరు బడికి పంపుచున్నవారు కూడ ఊరిబడిని తమదిగ భావింపవలెను. 1850ల నాటి గోదావరి రైతులు ఎవరును ఆజ్ఞాపింపకయే బడికై తమపై తాము పన్ను వేసికొనిరి. ఆనాడు వారి దృష్టి తమ పిల్లలవద్ద ఆగినది. అదే పూనిక నేడు ఊరి పిల్లలందరివరకు విస్తరించినచో, కోనసీమ పాండిత్యము ఊరందరి ఆస్తియగును.